ఓటు అడగరు, చట్టం రాస్తారు: హెరిటేజ్ నుంచి లోక్‌సత్తా దాకా

ఏ ఎన్నికలోనూ నిలబడకుండా, ఒక్క ఓటు కూడా అడగకుండా చట్టాలు మార్చేవాళ్లు కొంతమంది ఉన్నారు. ఈ ఎపిసోడ్ వాళ్ల గురించే. వాళ్లు నడిపే సంస్థల్ని థింక్ ట్యాంక్స్ అంటారు. "బ్రో, అమెరికా థింక్ ట్యాంక్‌తో మనకేం పని" అని స్క్రోల్ చేసేయకండి. రెండు నిమిషాలు ఇవ్వండి, తర్వాత మీ ఇష్టం.

2025 సెప్టెంబర్ 19. అమెరికా ప్రెసిడెంట్ ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. బయటి దేశం నుంచి కొత్తగా హెచ్‌వన్‌బీ మీద మనిషిని తీసుకురావాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అప్పటి రేటులో మన డబ్బు దాదాపు 88 లక్షలు. మొదటి రోజు అయితే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆల్రెడీ వీసా ఉన్నవాళ్లు కూడా కట్టాలా? సెలవుకి ఊరొచ్చినవాళ్లు వెంటనే వెనక్కి వెళ్లిపోవాలా? పాతవాళ్లకి వర్తించదని తర్వాత క్లారిటీ ఇచ్చారు. అదే నెలలో ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది. ఇన్నాళ్లూ హెచ్‌వన్‌బీ లాటరీలో అందరికీ ఒకే ఛాన్స్. ఇక మీదట ఎక్కువ జీతం ఉన్నవాడికి ఎక్కువ ఛాన్స్ అని.

హెచ్‌వన్‌బీ అప్రూవల్స్‌లో పదింటికి ఏడు మన ఇండియన్స్‌వే. అందులో తెలుగువాళ్లు ఎంతమందో బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఉన్న కన్సల్టెన్సీ బోర్డులు చూస్తే తెలిసిపోతుంది. గుడివాడ, ఉయ్యూరు, కంకిపాడు వైపు ఏ ఊరికైనా వెళ్లండి. పిల్లల్ని ఎంఎస్‌కి పంపడానికి ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్న ఇల్లు, అర ఎకరం అమ్మిన ఇల్లు కనిపిస్తాయి. ఆ లెక్కంతా ఒక్క నమ్మకం మీద నడుస్తోంది: చదువు అయ్యాక అక్కడ ఉద్యోగం, ఆ తర్వాత వీసా.

ఇక్కడ ఒక పాయింట్. హెచ్‌వన్‌బీని ఎక్కువ జీతాలు ఇచ్చే ఉద్యోగాలకే పరిమితం చేయాలనే మాట 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఒక పుస్తకంలో ఉంది. 900 పేజీలకు పైగా ఉన్న పుస్తకం. దాన్ని తయారుచేయించింది వాషింగ్టన్‌లోని హెరిటేజ్ ఫౌండేషన్. దాన్నే అందరూ "ప్రాజెక్ట్ 2025" అంటున్నారు.

జాగ్రత్తగా వినండి. "హెరిటేజ్ చెప్పింది, ట్రంప్ చేసేశారు" అని నేను అనట్లేదు. లక్ష డాలర్ల ఫీజు ఆ పుస్తకం నుంచి వచ్చింది కాదు. జీతాన్ని బట్టి సెలెక్షన్ అనే ఐడియా ట్రంప్ మొదటి టర్మ్ చివర్లోనే ఒకసారి వచ్చి ఆగిపోయింది. కానీ ఆగిపోయిన ఐడియా చచ్చిపోకుండా నాలుగేళ్లు ఎక్కడ దాచి ఉంచారు? ఎవరు దాన్ని తుడిచి, రాసి, రెడీగా పెట్టారు? థింక్ ట్యాంక్ చేసే పని అదే.

ఇంతకీ థింక్ ట్యాంక్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్తాను. ప్రభుత్వం ఏం చేయాలో రీసెర్చ్ చేసి, రాసి, ఆ రాసింది అధికారంలో ఉన్నవాళ్ల టేబుల్ మీదకి చేర్చే సంస్థ. యూనివర్సిటీ ప్రొఫెసర్ కూడా రీసెర్చ్ చేస్తారు. ఆయన పేపర్ జర్నల్‌లో పడితే పని అయిపోయినట్టే. థింక్ ట్యాంక్‌లో అలా కాదు. రాసింది చట్టంలోకో, బడ్జెట్‌లోకో, ఒక జీవోలోకో వెళ్తేనే పని అయినట్టు.

హెరిటేజ్ ఎలా పుట్టిందో చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. 1971లో అమెరికా కాంగ్రెస్‌లో ఒక గొడవ. ధ్వని కంటే వేగంగా వెళ్లే ప్రయాణికుల విమానం తయారీకి ప్రభుత్వం డబ్బు ఇవ్వాలా వద్దా అని. అప్పటికే ఉన్న ఒక పెద్ద థింక్ ట్యాంక్, అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్, దాని మీద మంచి రిపోర్ట్ రాసింది. కానీ ఆ రిపోర్ట్ ఓటింగ్ అయిపోయాక చేతికొచ్చింది. ఎందుకు లేటు అంటే, ఓటింగ్‌ని ప్రభావితం చేయకూడదని కావాలనే ఆగామన్నారు.

అప్పుడు కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల్లో పనిచేస్తున్న ఇద్దరు కుర్రాళ్లు, పాల్ వేరిక్, ఎడ్విన్ ఫ్యూల్నర్, తల పట్టుకున్నారు. ఓటింగ్ అయ్యాక రిపోర్ట్ ఇస్తే ఎవడికి ఉపయోగం? పెళ్లయిపోయాక ముహూర్తం పెట్టినట్టు ఉంది కదా. 1973లో వాళ్లే హెరిటేజ్ మొదలుపెట్టారు. బీరు కంపెనీ యజమాని జోసెఫ్ కూర్స్ రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చారు.

1977 నుంచి 2013 దాకా, అంటే 36 ఏళ్లు, ఫ్యూల్నరే దాని ప్రెసిడెంట్. ఆయన పెట్టిన ఒక రూల్‌ని బ్రీఫ్‌కేస్ టెస్ట్ అంటారు. కాంగ్రెస్ సభ్యుడు ఎయిర్‌పోర్ట్ నుంచి ఆఫీస్‌కి కారులో వెళ్లేలోపు చదివేయగలగాలి, బ్రీఫ్‌కేస్‌లో పట్టాలి, పేపర్ అంత చిన్నగా ఉండాలి. పెద్ద గ్రంథాలు రాసి బీరువాలో పెట్టడం ఆయనకి నచ్చదు.

1980 ఎన్నికల్లో రొనాల్డ్ రీగన్ గెలిచారు. అప్పటికే హెరిటేజ్ దగ్గర "మ్యాండేట్ ఫర్ లీడర్‌షిప్" అనే పుస్తకం రెడీగా ఉంది. ఏ శాఖలో ఏం మార్చాలో శాఖల వారీగా దాదాపు 2000 సూచనలు. రీగన్ దాన్ని తన క్యాబినెట్‌కి పంచిపెట్టారు. అందులో 60 శాతం దాకా అమలయ్యాయని లేదా మొదలయ్యాయని హెరిటేజ్ చెప్పుకుంటుంది. వాళ్ల గొప్ప వాళ్లు చెప్పుకుంటున్నారు కాబట్టి కొంచెం తగ్గించుకుని వినండి. సగం తీసేసినా మిగిలేది చిన్న నంబర్ కాదు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. శుక్రవారం సాయంత్రం రిలీజ్ ఉంది. మీటింగ్‌లో పదిమంది పది ఐడియాలు చెప్తారు. చివరికి ప్రొడక్షన్‌లోకి వెళ్లేది ఎవరిది? టెస్ట్ చేసిన బిల్డ్ ఎవరి దగ్గర రెడీగా ఉంటే వాళ్లది. కొత్త ప్రభుత్వం మొదటి వంద రోజులు కూడా అంతే. హామీలు బోలెడు ఉంటాయి, టైమ్ ఉండదు. డ్రాఫ్ట్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డవాడికి తలుపు తెరుచుకుంటుంది.

లీడర్ మారితే ఏమవుతుంది?

2013లో ఫ్యూల్నర్ దిగిపోయారు. ఆయన కుర్చీలోకి వచ్చింది జిమ్ డెమింట్. సౌత్ కరొలినా సెనేటర్. ఇంకా నాలుగేళ్ల పదవీకాలం ఉండగానే సెనేట్ వదిలేసి ఈ ఉద్యోగానికి వచ్చారు! మన దగ్గర ఎంపీ సీటు వదులుకుని ఒక రీసెర్చ్ సంస్థలో చేరినవాడిని ఊహించుకోండి. అక్కడ ఈ కుర్చీ విలువ అంత.

కానీ డెమింట్ టైమ్‌లో గొడవలు ముదిరాయి. దానికి ముందే, 2010లో, హెరిటేజ్ యాక్షన్ అనే అనుబంధ సంస్థ పెట్టారు. రీసెర్చ్ సంస్థకి పన్ను మినహాయింపు ఉంటుంది కాబట్టి రాజకీయ పనికి హద్దులుంటాయి. ఈ రెండో సంస్థకి అన్ని హద్దులు లేవు. అది తమ వైపు ఉన్న రిపబ్లికన్ సభ్యులకే మార్కులు వేసి, చెప్పినట్టు ఓటు వేయకపోతే వాళ్ల నియోజకవర్గాల్లోనే ప్రచారం చేసేది. దాంతో వాళ్లకి ఒళ్లు మండింది. 2013 ఆగస్టులో రిపబ్లికన్ స్టడీ కమిటీ అనే గ్రూప్ తమ వారం వారం మీటింగులకి హెరిటేజ్ వాళ్లని రావద్దంది. అప్పటిదాకా ఆ గదిలోకి ఫ్రీగా వెళ్లేవాళ్లు! అదే ఏడాది అక్టోబర్‌లో ఒబామా హెల్త్ చట్టాన్ని ఆపాలనే పట్టుదలతో 16 రోజులు ప్రభుత్వం మూతపడింది. ఆ ఒత్తిడి వెనక హెరిటేజ్ యాక్షన్ ఉంది. 2017 మేలో బోర్డే డెమింట్‌ని తీసేసింది. రీసెర్చ్ తగ్గి రాజకీయం ఎక్కువైందనేది ఆయన మీద వచ్చిన పెద్ద విమర్శ.

ఇందులో కామెడీ ఏంటంటే, ఆ ఒబామా చట్టంలో అందరూ తిట్టిన భాగం, ప్రతి ఒక్కరూ హెల్త్ ఇన్సూరెన్స్ కొనాల్సిందే అనే రూల్, 1989లో హెరిటేజ్ వాళ్లే ప్రతిపాదించిన ఐడియా. ఐడియా ఒకసారి బయటికి వదిలాక అది ఎవరింటికైనా వెళ్తుంది. రాసినవాడి శత్రువు కూడా వాడుకోవచ్చు.

2021 చివర్లో కెవిన్ రాబర్ట్స్ వచ్చారు. చరిత్రలో పీహెచ్‌డీ చేసిన మనిషి, అంతకు ముందు టెక్సస్‌లో ఇలాంటి సంస్థనే నడిపారు. ఆయన టైమ్‌లోనే ప్రాజెక్ట్ 2025. అందులో పుస్తకం ఒక భాగం మాత్రమే. రెండో భాగం మనుషుల డేటాబేస్. ప్రభుత్వం మారితే వేల పోస్టులు ఖాళీ అవుతాయి కదా, వాటిలో కూర్చోబెట్టడానికి తమ ఆలోచన ఉన్నవాళ్ల రెజ్యూమేలు ముందే సేకరించి పెట్టారు. డ్రాఫ్ట్ ఒక్కటే ఇస్తే పక్కన పడేస్తారు, డ్రాఫ్ట్‌తో పాటు దాన్ని అమలు చేసే మనిషిని కూడా ఇస్తే పని నడుస్తుంది.

2024 జులైలో ఎన్నికల ప్రచారం వేడి మీద ఉండగా ట్రంప్ ఈ ప్రాజెక్ట్ గురించి తనకేమీ తెలియదన్నారు. గెలిచాక ఏం జరిగింది? అందులో చాప్టర్ రాసిన రస్సెల్ వాట్ బడ్జెట్ ఆఫీస్‌కి హెడ్ అయ్యారు. ఇంకో చాప్టర్ రాసిన బ్రెండన్ కార్ టెలికం రెగ్యులేటర్‌కి ఛైర్మన్ అయ్యారు. ఓటరు మాత్రం బ్యాలెట్ మీద ప్రాజెక్ట్ 2025 అనే పేరు చూడలేదు.

అలాగని హెరిటేజ్ అజేయం అనుకోకండి. 2025 అక్టోబర్ చివర్లో రాబర్ట్స్ ఒక వీడియోలో టకర్ కార్ల్‌సన్‌ని వెనకేసుకొచ్చారు. యూదు ద్వేషం మాట్లాడే నిక్ ఫుయెంటెస్ అనేవాడిని ఇంటర్వ్యూ చేసినందుకు కార్ల్‌సన్ మీద అప్పుడు విమర్శలు వస్తున్నాయి. ఆ ఒక్క వీడియోతో బోర్డు నుంచి, స్టాఫ్ నుంచి రాజీనామాలు మొదలయ్యాయి. యాభై ఏళ్ల సంస్థ, ఒక్క వీడియో. నాయకుడి నోరు సంస్థ పరువు మోస్తుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం

మన దేశంలో ఇలాంటివి లేవా? ఉన్నాయి. ఢిల్లీలో వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 2009లో మొదలైంది. దాని మొదటి డైరెక్టర్ అజిత్ దోవల్. 2014లో ఆయనే దేశానికి నేషనల్ సెక్యూరిటీ అడ్వైజర్ అయ్యారు. ఇండియా ఫౌండేషన్ నడిపే వాళ్లలో ముఖ్యుడు రామ్ మాధవ్, మన అమలాపురం ఆయన. బీజేపీ జాతీయ ప్రధాన కార్యదర్శిగా కూడా చేశారు. ఇంకో వైపు చూస్తే ఢిల్లీలో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ ఉంది. హెరిటేజ్ పుట్టిన 1973లోనే అదీ పుట్టింది. 2024 జనవరిలో కేంద్రం దానికి విదేశీ విరాళాల లైసెన్స్ రద్దు చేసింది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే గొంతు కూడా ఉంటుంది. పట్టుకోవాలంటే అక్కడే పట్టుకుంటారు.

మన రాష్ట్రానికి కూడా బయటి కాగితం వచ్చిన రోజులున్నాయి. 1999లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం విజన్ 2020 విడుదల చేసింది. రాయడంలో సాయపడింది మెకిన్సీ అనే అమెరికన్ కన్సల్టెన్సీ. ప్రభుత్వ సంస్థల్ని అమ్మడం, మూసేయడం ఎలా అనే సలహా ఇవ్వడానికి బ్రిటన్ ప్రభుత్వ సాయం డబ్బుతో లండన్‌లోని ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ తాలూకు కన్సల్టెన్సీ విభాగం హైదరాబాద్‌లో పనిచేసింది. అది అసలు సిసలు థింక్ ట్యాంక్ కుటుంబమే. హనుమాన్ జంక్షన్ దగ్గరి సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా ఆ సంస్కరణల కాలంలోనే ప్రైవేటు చేతికి వెళ్లింది. కరెంటు సంస్కరణలకి వరల్డ్ బ్యాంక్ అప్పు. 2000లో చార్జీలు పెరిగాయి, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు, ప్రాణాలు పోయాయి. 2004లో జనం ప్రభుత్వాన్ని దించేశారు.

ఆ పాలసీలు మంచివా చెడ్డవా అనేది ఇంకో ఎపిసోడ్. ఐటీ వచ్చింది కదా అంటారు ఒకరు, రైతు ఏమయ్యాడు అంటారు ఇంకొకరు. నా పాయింట్ వేరే. మన కాల్వ గట్టు మీద, మన కరెంటు మోటారు మీద ప్రభావం చూపించే కాగితాలు రాసేటప్పుడు మన ఊళ్లో ఎవరినీ అడగలేదు. జనం చేతిలో ఉన్నది ఐదేళ్లకి ఒక్క బటన్. నచ్చిన పాలసీ, నచ్చని పాలసీ అన్నిటికీ కలిపి ఒకటే బటన్.

లయోలా స్టూడెంట్ ఒకాయన కథ

ఇక ఈ ఎపిసోడ్‌లో నాకు ఇష్టమైన భాగం. మనవాళ్లలో ఒకాయన ఈ పని చేసి చూపించారు. డాక్టర్ జయప్రకాష్ నారాయణ్ గారు. జేపీ గారంటే మన పేరెంట్స్‌కి వెంటనే తెలుస్తుంది. మన ఆంధ్రా లయోలా కాలేజీలో చదివారు, గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేశారు. 1980లో ఐఏఎస్. ప్రకాశం, తూర్పు గోదావరి జిల్లాలకి కలెక్టర్‌గా చేశారు. 1996లో ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు. ఫౌండేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ, లోక్‌సత్తా అనే ఉద్యమం మొదలుపెట్టారు. మొదటిది రాసే చెయ్యి, రెండోది జనంలోకి వెళ్లే కాలు.

ఏం సాధించారు? మీ ఫోన్ తీయండి. ఎలక్షన్ కమిషన్ యాప్‌లోనో, మైనేతా సైట్‌లోనో మీ ఎమ్మెల్యే పేరు కొట్టండి. ఆయన మీద కేసులు ఎన్ని, ఆస్తి ఎంత, అప్పు ఎంత, ఏం చదివారు, అన్నీ వస్తాయి. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1999 ఎన్నికలప్పుడే లోక్‌సత్తా మన రాష్ట్రంలో నేర చరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితా బయటపెట్టింది. అదే ఏడాది అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ పెట్టి కోర్టుకి వెళ్లారు. 2002 మే 2న సుప్రీంకోర్టు ఆ వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. పార్టీలన్నీ ఒక్కటై ఆ తీర్పుకి అడ్డుగా చట్టం మార్చేశాయి. మళ్లీ కోర్టుకి వెళ్లినవాళ్లలో పీయూసీఎల్, ఏడీఆర్‌తో పాటు లోక్‌సత్తా కూడా ఉంది. 2003 మార్చి 13న ఆ అడ్డు సెక్షన్‌ని కోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి ప్రతి అభ్యర్థీ అఫిడవిట్ ఇవ్వాల్సిందే.

2004లో కేంద్రంలో ప్రభుత్వం మారింది. సోనియా గాంధీ అధ్యక్షతన నేషనల్ అడ్వైజరీ కౌన్సిల్ ఏర్పడింది. అందులో జేపీ గారు మెంబర్. సమాచార హక్కు చట్టం బిల్లు మీద ఆ కౌన్సిల్ పనిచేసింది, 2005లో చట్టం వచ్చింది. ఆర్‌టీఐ క్రెడిట్ మొదట రాజస్థాన్ పల్లెల్లో పోరాడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌కి వెళ్లాలి, అందులో డౌట్ లేదు. కానీ ఢిల్లీలో తలుపు తెరుచుకున్నప్పుడు, లోపల ఆ గదిలో కూర్చున్నవాళ్లలో మన తెలుగాయన ఒకరు.

గమనించారా? ఇప్పటిదాకా ఈయన ఒక్క ఎన్నిక కూడా గెలవలేదు. పోటీయే చేయలేదు.

2006 అక్టోబర్ 2న లోక్‌సత్తా పార్టీ పెట్టారు. 2009లో రాష్ట్రవ్యాప్తంగా పోటీ. గెలిచింది ఒక్క సీటు, కూకట్‌పల్లి, అదీ ఆయనే. రాష్ట్రం మొత్తం మీద ఓట్లు రెండు శాతం లోపే. 2014లో మల్కాజ్‌గిరి నుంచి లోక్‌సభకి పోటీ చేసి ఓడిపోయారు. ఆ తర్వాత మళ్లీ ఫౌండేషన్ పనిలోకి వెళ్లిపోయారు. 2018లో పవన్ కళ్యాణ్ గారు ఏపీకి కేంద్రం నుంచి ఎంత రావాలో లెక్క తేల్చాలని నిజ నిర్ధారణ కమిటీ పెట్టినప్పుడు పిలిచినవాళ్లలో ఈయన ఉన్నారు. పార్టీగా అడిగినప్పుడు రెండు శాతం కూడా ఇవ్వని రాష్ట్రం, లెక్క తేల్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లింది.

రెండు కథలు పక్కపక్కన పెట్టండి

డెమింట్ సెనేట్ వదిలి థింక్ ట్యాంక్‌కి వచ్చారు. జేపీ గారు థింక్ ట్యాంక్ నుంచి అసెంబ్లీకి వెళ్లారు. దారులు ఎదురెదురు, తగిలిన గోడ ఒకటే. రిపోర్ట్ ఇచ్చేవాడిగా వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. రేపు నా సీటుకి పోటీ అని తెలిసిన రోజు గేటు దగ్గరే ఆపేస్తారు. డెమింట్ టైమ్‌లో హెరిటేజ్ వాళ్లని మీటింగ్ గదిలోకి రావద్దన్నది సొంత పార్టీ వాళ్లే కదా.

ఇంకో కారణం కూడా ఉంది. థింక్ ట్యాంక్ మాట్లాడాల్సింది కొన్ని వందల మందితో: మంత్రులు, ఆఫీసర్లు, జడ్జీలు, ఎడిటర్లు. వాళ్లకి సెక్షన్ నంబర్ చెప్తే చాలు. ఎన్నికల్లో మాట్లాడాల్సింది లక్షల మందితో. అవనిగడ్డలో ఓటరు అడిగేది "మా డ్రైన్ పూడిక ఎప్పుడు తీస్తారు, మా వాడికి ఉద్యోగం ఎవరిస్తారు, రాత్రి పూట ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు" అని. అది తప్పు ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పడం వేరే స్కిల్. కులం, డబ్బు లెక్కలు ఉండనే ఉన్నాయి.

దీన్ని బట్టి "థింక్ ట్యాంక్ వాళ్లు రాజకీయాల్లోకి రాకూడదు" అని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను. జేపీ గారు ఓటు అడిగారు కాబట్టి, మనకి ఆయన్ని వద్దనే అవకాశం దొరికింది. వద్దన్నాం కూడా. హెచ్‌వన్‌బీ గురించి హెరిటేజ్ పుస్తకంలో రాసిన మనిషిని వద్దనే అవకాశం ఎవరికి ఉంది? గుడివాడ స్టూడెంట్‌కి ఎలాగూ లేదు, ఆఖరికి అమెరికా ఓటరుకి కూడా నేరుగా లేదు. తెర వెనక రాసేవాడి పని బాగా సాగుతుంది, కానీ వాడిని దించడం కుదరదు. ముందుకొచ్చి ఓటు అడిగేవాడు ఓడిపోతాడు, కానీ వాడు మనకి జవాబుదారీ. నన్నడిగితే సమస్య అంతా ఈ ముడిలోనే ఉంది. దీనికి షార్ట్‌కట్ లేదు. కనీసం ఎవరు రాస్తున్నారో మనకి కనిపించాలి. ఇంకా బెటర్ ఏంటంటే, మనం కూడా రాయాలి.

ఈసారి టీవీలోనో, షార్ట్స్‌లోనో "ఫలానా సంస్థ రిపోర్ట్ ప్రకారం" అని వినగానే నాలుగు చెక్ చేయండి. ఒకటి, దానికి డబ్బు ఎవరిస్తున్నారు, దాతల పేర్లు సైట్‌లో పెట్టారా? రెండు, నడిపే మనిషి ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు, ఆ సంస్థ నుంచి బయటికి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఏ కుర్చీలో ఉన్నారు? మూడు, "అభివృద్ధి చేయాలి" లాంటి గాలి మాటలా, లేక ఏ చట్టంలో ఏ లైన్ మార్చాలో చెప్పారా? అసలు సీరియస్ ప్లేయర్ ఎవరో ఇక్కడ తెలుస్తుంది. నాలుగు, ఆ మార్పు వల్ల నష్టపోయేవాళ్లతో మాట్లాడారా? ఈ నాలుగూ మీకు నచ్చిన పార్టీకి దగ్గరగా ఉన్న సంస్థకి కూడా వర్తిస్తాయి, గుర్తుంచుకోండి.

బుడమేరు గురించి ఎవరు రాస్తారు?

ఆఖరి పాయింట్. 2024 సెప్టెంబర్ 1. బుడమేరు పొంగింది. డైవర్షన్ కాల్వకి గండ్లు పడ్డాయి, సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట నీళ్లలో మునిగాయి. మేడల మీద నుంచి జనం ఫోన్లు పైకెత్తి పడవల కోసం చూశారు. ఆ వారం రోజులూ ముఖ్యమంత్రి ఇక్కడే, మంత్రులు ఇక్కడే, నేషనల్ మీడియా ఇక్కడే. బెజవాడ చరిత్రలో ప్రభుత్వం తలుపు అంత బార్లా తెరుచుకున్న రోజులు తక్కువ. 2005లో కూడా బుడమేరు ముంచింది. అంటే మధ్యలో దాదాపు ఇరవై ఏళ్లు టైమ్ ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ వారంలో, ఆ తలుపు దగ్గర, బుడమేరు మీద రెండు పేజీల డ్రాఫ్ట్ పట్టుకుని సింగ్ నగర్ తరఫున నిలబడ్డవాడు ఉంటే? ఎక్కడ కాల్వ ఇరుకైంది, వెలగలేరు దగ్గర గేట్లు ఎత్తే ముందు కింద ఉన్న జనానికి ఎవరు ఎన్ని గంటల ముందు చెప్పాలి, ఏ జీవోలో ఏం మారాలి, ఎంత ఖర్చు. రెండే పేజీలు. ఫ్యూల్నర్ బ్రీఫ్‌కేస్‌లో పట్టేంత. హెరిటేజ్ వాళ్ల భావాలు మీకు నచ్చక్కర్లేదు, నాకూ చాలావరకు నచ్చవు. కానీ 1971లో ఆ ఇద్దరు కుర్రాళ్లు పట్టుకున్న పాయింట్ మాత్రం నిజం: ఓటింగ్ అయ్యాక వచ్చే రిపోర్ట్ ఎవరికీ అక్కర్లేదు. వరద తగ్గాక వచ్చే ఐడియా కూడా అంతే.

2024 డిసెంబర్‌లో ప్రభుత్వం స్వర్ణాంధ్ర 2047 విజన్ డాక్యుమెంట్ విడుదల చేసింది. 2047 అంటే మనకి యాభై ఏళ్లు వస్తాయి. ఆ కాగితం ప్రకారం బతకాల్సింది మనమే. కొల్లేరు ఏమవ్వాలి, నాగాయలంక వైపు పొలాల్లోకి ఎక్కుతున్న ఉప్పునీళ్లు ఎలా ఆగాలి, బుడమేరు ఎటు పారాలి, వీటి మీద మన తరం రాసిన కాగితం ఏది?

బీటెక్ ఫైనల్ ఇయర్ వాళ్లకి ఒక మాట. ప్రాజెక్ట్ కోసం ఎక్కడో కొనుక్కొచ్చిన అటెండెన్స్ సిస్టమ్ పెట్టే బదులు, మీ కాల్వ లెక్క తీయండి. డేటా లేదంటారా? ఆర్‌టీఐ వేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అయితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లక్ష డాలర్ల ఫీజు గురించి మనం ఏమీ చేయలేం. పది రూపాయల ఫీజు మన చేతిలోనే ఉంది.

మీ వార్డు పేరు లేదా ఊరి పేరు, అక్కడ ఉన్న ఒక్క సమస్య కామెంట్‌లో రాయండి. తిట్లు వద్దు, పార్టీ జెండాలు వద్దు. ఏ ఆఫీస్ ఏ రూల్ మారిస్తే అది తీరుతుందో కూడా రాస్తే ఇంకా మంచిది. వాటిలో ఒకటి తీసుకుని, ఆర్‌టీఐ అప్లికేషన్ రాయడం దగ్గర నుంచి రెండు పేజీల డ్రాఫ్ట్ దాకా వచ్చే ఎపిసోడ్‌లో మనమే కలిసి చేద్దాం. ఈ వీడియో ఎంఎస్‌కి అప్లై చేస్తున్న మీ ఫ్రెండ్‌కి ఒకసారి పంపండి.